రోగశయ్య కడ తల్లిదండ్రులు

బిడ్డకు దీర్ఘవ్యాధి సంప్రాప్తించిన యింట రోగి యొక్కరే యుండుట యరుదు. నెలల తరబడి నిద్రకు దూరమైన తల్లియు, వైద్యపు ఖర్చునకై అప్పుల వెంట తిరుగు తండ్రియు క్రమముగా తామును క్షీణించుచుందురు. అయినను వచ్చినవారందరు బిడ్డకు జ్వరము తగ్గినదా యని యడుగుదురే కాని, తల్లి అన్నము తిన్నదా యని యడుగువారు తక్కువ. వైద్యలోకము సైతము ఈ రెండవ ప్రశ్న నేర్చుకొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

లండను నగరమున గ్రేట్ ఆర్మండ్ వీధిలో 1852వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన చార్లెస్ వెస్టు అను వైద్యుడు పది పడకలతో బాలుర వైద్యశాలను స్థాపించెను. పేదల బిడ్డలకు అది మహోపకారము. పిమ్మట ఇట్టి వైద్యశాలలు పెక్కు నగరములలో వెలసెను. కాని వానితో పాటు ఒక కట్టుబాటు కూడ బలపడెను. బిడ్డ లోపల, తల్లిదండ్రులు వెలుపల. దీనికి కారణములు లేకపోలేదు. అంటువ్యాధులకు నేటి మందులు లేని కాలమది. బయటివారు రోగమును వెంట తెత్తురని భయము. అదియుగాక, తల్లి వచ్చి పోయినపుడెల్ల బిడ్డ యేడ్చును గావున, ఆమె రాకున్ననే బిడ్డ నిమ్మళముగా నుండునని పరిచారికల తలంపు. 1949 నాటికి కూడ లండను వైద్యశాలలలో ఒకచోట ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలు మాత్రమే బిడ్డను చూడనిచ్చెడివారు. వేరొకచోట మొదటి నెల యంతయు బిడ్డ నిద్రించు వేళ మాత్రమే చూచి పోవలయును.

ఈ పద్ధతిని ముందుగా కాదన్నవారిలో జేమ్స్ స్పెన్సు ముఖ్యుడు. న్యూకాసిల్ నగరపు శిశువైద్యశాలలో ఆయన 1920 తరువాతి దశకముననే తల్లులను బిడ్డలతో కూడ చేర్చుకొని, ఉపచారములో వారికి పాలు కల్పించెను. ఆ మాటను నాడు చెవిని బెట్టినవారు కొలదిమంది. 1952లో జేమ్స్ రాబర్ట్సన్ అను నతడు, తల్లిని బాసి ఎనిమిది దినములు వైద్యశాలలో నున్న రెండేండ్ల బాలిక తీరును చలనచిత్రముగా తీసి వైద్యులకు చూపెను. ఇట్టి బిడ్డ మొదట నేడ్చును; పిదప నిరాశతో మూగవోవును; తుదకు తల్లి వచ్చినను ముఖము త్రిప్పుకొనును. పరిచారికలు నిమ్మళమనుకొన్నది నిరాశయే యని ఆయన చూపగా, పెద్ద వైద్యులు కొందరు కోపించిరి. కాని సత్యము నిలిచెను. 1959లో సర్ హారీ ప్లాట్ అధ్యక్షుడుగా గల ప్రభుత్వ సంఘము, తల్లిదండ్రులను వేళల నిర్బంధము లేక రానీయవలయుననియు, పసిబిడ్డలతో తల్లులకు వసతి కల్పింపవలయుననియు సిఫారసు చేసెను. దాని అమలుకై 1961లో లండనునందలి బ్యాటర్సీ ప్రాంతపు తల్లులే సంఘముగా నేర్పడి పాటుపడిరి.

తలుపు తెరచుకొనెను. లోపలికి వచ్చిన తల్లి యెచట పరుండును? ఏమి తినును? అమెరికాలో ఫ్రెడ్ హిల్ అను క్రీడాకారుని కుమార్తెకు రక్తపు క్యాన్సరు వచ్చినపుడు, ఆ దంపతులు వైద్యశాల కుర్చీలలోనే కునుకు తీసిరి; తమవలెనే యగచాట్లు పడు తల్లిదండ్రులను చుట్టును చూచిరి. ఆయనయు, ఆడ్రీ ఎవాన్సు అను వైద్యురాలును, మరికొందరును పూనుకొనగా 1974లో ఫిలడెల్ఫియాలో అట్టివారికై వైద్యశాల చెంత ఒక విడిది యేర్పడెను. ఇంగ్లండున ఫ్రాన్సెస్ డామినికా అను సన్యాసిని, హెలెన్ అను రోగబాలికను అప్పుడప్పుడు కొన్ని దినములు తానే చూచుకొని, ఆమె తల్లిదండ్రులకు విశ్రాంతి నిచ్చుచుండెడిది. ఆ చిన్న సాయమే పెరిగి, 1982లో ఆక్స్‌ఫర్డు నగరమున హెలెన్ గృహ మాయెను. నయముకాని వ్యాధిగల పిల్లలకై వెలసిన అట్టి గృహములలో ప్రపంచమున అదియే మొదటిది. బిడ్డను కొన్నినాళ్లు నమ్మకమైన చేతులలో నుంచుట బిడ్డను విడుచుట కాదనియు, బిడ్డకై బలము కూడదీసికొనుట యనియు అది లోకమునకు నేర్పినది.

మన దేశమున తల్లిని బిడ్డనుండి వేరుచేయు కట్టుబాటు సాధారణముగా లేదు. రోగి వెంట ఒకరుండుట మన యాచారము. మనకు తలుపు తెరచియే యున్నది, లేనిది చాప. మంచము క్రిందనో, వసారాలోనో కొంగు పరచుకొని పరుండు తల్లులు ఏ పెద్దాసుపత్రిలో లేరు? క్యాన్సరు పీడిత బాలురతో దూరమునుండి వచ్చు తల్లిదండ్రులకై 2006లో బొంబాయిలో సెయింట్ జూడ్ సంస్థ ఉచిత వసతి గృహములను ప్రారంభించినది. అట్టివి హైదరాబాదున కూడ ఏర్పడినవి. కాని అట్టి గృహములలో చోటు దొరకువారు కొందరే. తక్కినవారికి బంధువులును, ఊరును దిక్కు.

తల్లి యొకతె, నేనెట్లు తిందును, నేనెట్లు నిద్రింతును అనిన, ఆ మాట ప్రేమతో పలికినదే. కాని అలసిన కన్నులు మందు వేళను మరచును. ఆకలిగొన్న దేహము బిడ్డను ఎత్తి దింపలేదు. దుఃఖమును లోలోపల దిగమ్రింగినవాడు వైద్యుడు చెప్పినదానిని సగమే వినును. కావున తల్లిదండ్రుల నిద్రయు, భోజనమును, మనసు విప్పి మాట్లాడుటయు బిడ్డ చికిత్సలో భాగములే.

గ్రామపెద్దలకు ఇందు చేయదగినది కలదు. నమ్మకమైనవారు వంతులు వేసికొని యొక రాత్రి బిడ్డ కడ మేలుకొనవచ్చును. ఇంటనున్న తక్కిన పిల్లలను బడికి పంపవచ్చును. పాడిపశువులకు మేత వేయవచ్చును. వైద్యుని యొద్దకు లోకజ్ఞుడొకడు తోడుగా పోవచ్చును. ఏ జన్మపాపమో యను మాట ఆ గడపలో వినబడకుండ చూచుట ఇన్నిటికంటె ముఖ్యము. ఆ మాట తల్లి నిద్రను హరించినట్లు వ్యాధియు హరింపదు. అట్టి యింటికి పోయినపుడు బిడ్డ క్షేమముతో పాటు, అమ్మా, నీవు తింటివా యని కూడ అడుగుడు. ఆమె లేదనినచో, ఆమె తిని లేచువరకు బిడ్డ కడ మీరు కూర్చుండుడు.