చిరుతపులి విమానం, నిజాం దస్తార్

మొన్న ఇత్వార్ నాడు మా చిన్నవాణ్ని సికింద్రాబాద్‌లో మోడల్ విమానాలు అమ్మే ఒక దుకాణానికి తీసుకెళ్లాను. మార్కులొస్తే కొనిస్తానని వాదా చేశాను, ఇక తప్పదు. మెట్లెక్కితే చిన్న గది. గోడల పైదాకా పెట్టెలు, రంగు సీసాలు, థిన్నర్ వాసన. వచ్చినవాళ్లలో సగం మంది నా ఉమర్ వాళ్లే.

పెట్టెల మీద 1:72, 1:48, 1:35 అని అంకెలున్నాయి. అవేమిటని మావాడు అడిగితే దుకాణందార్ ఓపిగ్గా చెప్పాడు. "అసలు విమానంలో 72 అంగుళాలు, ఇక్కడ ఒక్క అంగుళం, బేటా." 72 అంగుళాలంటే ఆరడుగులు. అంటే నిలువెత్తు మనిషి అంగుళమంత అవుతాడు. రెండో ప్రపంచ జంగ్ నాటి స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 11 మీటర్ల పైచిలుకు. ఈ హిసాబులో పదిహేనున్నర సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది.

ఈ శౌఖ్ బ్రిటన్‌లో 1930లలోనే ఉంది. ఇంటింటికీ చేర్చింది మాత్రం ఎయిర్‌ఫిక్స్ కంపెనీ. నికొలస్ కోవ్ అనే హంగేరీవాడు 1939లో పెట్టిన ఆ కంపెనీ మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు చేసింది, తర్వాత ప్లాస్టిక్ దువ్వెనలు పోసింది. 1953లో తన మొదటి స్పిట్‌ఫైర్ తెచ్చింది. ధర రెండు షిల్లింగులు. జంగ్ అయిపోయి ఎనిమిదేళ్లు, తండ్రులు చూసిన విమానాన్ని కొడుకులు భోజనాల బల్ల మీద అతికించడం మొదలైంది.

మావాడు ఎంచుకున్నదీ స్పిట్‌ఫైరే. ఎనిమిదో రకం, బర్మా రంగాన ఎగిరింది. విమానం పక్కన ఉండే గుండ్రటి నిషాన్ మీదుగా నల్ల చిరుతపులి దూకుతున్నట్టు బొమ్మ. నీళ్లలో నానబెట్టి జరిపి అతికించాలి. ఆ నిషాన్‌లో ఎరుపు లేదు, రెండు రకాల నీలమే. జపాన్ విమానాల మీద ఎర్ర సూర్యుడు ఉండేవాడు కాబట్టి, సొంతవాళ్లే పొరపడి కాల్చకుండా ఆ తరఫున ఎరుపు తీసేశారు. లోపలి కాగితం చదువుతూ మావాడు తలెత్తాడు. "అబ్బూ, ఇందులో హైదరాబాద్ అని ఉంది!"

ఉంది మరి. బ్రిటిష్ వాయుసేనలో 152వ దళం పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని ముద్రలో ఉన్నది నిజాం దస్తార్. దాని నినాదం 'నమ్మకమైన మిత్రుడు', మన జబాన్‌లో యారే వఫాదార్. 1918లో అంగ్రేజ్ సర్కార్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన ఖితాబ్ అది. 1940 వేసవిలో ఈ దళం ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి జర్మన్ బాంబర్ల మీదికి లేచింది. తర్వాత ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ. 1943 చివర హిందుస్తాన్‌కు వచ్చి ఇంఫాల్ వైపు వెళ్లింది. 'హైదరాబాద్ స్టేట్' పేరుతో 253వ దళం కూడా ఉండేది, అది హరికేన్లు నడిపింది.

ఈ సిల్‌సిలా అంతకు ముందే, మొదటి జంగ్‌లో మొదలైంది. 1918లో 110వ దళానికి డీహెచ్ 9ఏ బాంబర్లు నిజాం తోహ్ఫాగా అందాయి. ఆ దళం ఫ్రాన్స్ వెళ్లి పట్టపగలు జర్మన్ పట్టణాల మీద బాంబులు వేసింది, చాలా విమానాలను పోగొట్టుకుంది.

మన ఘరానాల్లో ఈ కిస్సా చెప్తే రెండు రకాల జవాబులొస్తాయి. ఒకరు ఫఖ్ర్‌తో ఛాతీ విరుస్తారు: చూశారా, లండన్‌ను కాపాడింది మన హుజూర్ పైసా! ఇంకొకరు మొహం తిప్పుకుంటారు: అంగ్రేజోంకా గులాం. నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. పైసా ఎవరిదో ముందు అడగాలి. దీవానీ ఇలాకా ఆమ్‌దనీ అయినా, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫె ఖాస్ ఆమ్‌దనీ అయినా, చివరికి వచ్చేది జమీన్ దున్నేవాడి నుంచే. తెలంగాణ రైతు, మరాఠ్వాడా రైతు, హిందువూ ముసల్మానూ కట్టిన లగాన్ అది. విమానం మీద పేరు మాత్రం ఒక్కరిదే.

ఇంకో ముష్కిల్ కూడా ఉంది. 1914లో ఉస్మానీ ఖలీఫా బ్రిటన్ మీద జిహాద్ ప్రకటించినప్పుడు, ఇక్కడి ముసల్మానులు అంగ్రేజ్ సర్కార్‌కే వఫాదార్‌గా ఉండాలని నిజాం ఫర్మాన్ ఇచ్చాడు. హైదరాబాద్ లాన్సర్లు ఫలస్తీన్ రంగంలో తుర్కుల మీదే పోరాడారు. అదే నిజాం 1931లో, గద్దె దిగి ఫ్రాన్స్‌లో ఉంటున్న ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహ్‌వార్‌ను పెద్ద కోడలిగా తెచ్చుకున్నాడు. మన తారీఖ్‌లో ఇలాంటి మలుపులను ఒక్క మాటతో తేల్చేసేవాళ్లంటే నాకు భరోసా లేదు.

110వ దళం విమానాల్లో ఒకటి మాత్రం మిగిలింది. ఎఫ్ 1010. 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కింది. బర్లిన్ మ్యూజియంలో నిలబెట్టారు. రెండో జంగ్ తర్వాత పోలాండ్‌లోని క్రాకోవ్‌లో తేలింది. 1977లో బ్రిటన్ వాయుసేన మ్యూజియం దాన్ని వెనక్కి తెచ్చుకుంది. బదులుగా పోలాండ్‌కు ఏమిచ్చిందో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్. నిజాం సమర్పణ అని, హైదరాబాద్ 12ఏ అని దాని మీద రాసి ఉంటుంది.

పరాయి వాయుసేనకు ఇన్ని విమానాలిచ్చిన రియాసత్‌కు, 1948 సెప్టెంబర్‌లో హిందుస్తానీ ఫౌజ్ వచ్చినప్పుడు, తన ఆస్మాన్‌లో ఎగరడానికి ఒక్క ఫైటర్ లేదు. అటు టెంపెస్ట్‌లు బీదర్, వరంగల్ విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. ఆ రన్‌వేల మీద అంతకు ముందు రాత్రిపూట దిగినవి లాంకాస్ట్రియన్లు, పాత బాంబర్‌ను మార్చి చేసిన రవాణా విమానాలు. వాటిలో చోరీగా హథియార్లు తెచ్చినవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్. దుష్మన్ ఇలాకా ఫొటోలు తీయడానికి స్పిట్‌ఫైర్ నుంచి తుపాకులు పీకేసి కెమెరాలు పెట్టించినవాడు కూడా ఇతనే, 1939-40లలో. యారే వఫాదార్ బిరుదు ఇచ్చిన సర్కార్ అప్పుడు ఏమీ పంపలేదు. కాటన్ మీద మాత్రం లండన్‌లో ముఖద్దమా నడిపి, హథియార్లు అక్రమంగా ఎగుమతి చేశాడని 200 పౌండ్ల జుర్మానా వేసింది.