నదిలోని క్రిమికీ హెచ్‌ఐవికీ సంబంధమేమిటి?

కడుపులో పురుగులుంటే పిల్లలు పాలిపోతారని, ఎదుగుదల మందగిస్తుందని మీకు తెలిసే ఉంటుంది. మన శరీరంలో నివసించే కొన్ని క్రిములు హెచ్‌ఐవి సోకే అవకాశాన్ని సైతం పెంచవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. వైద్యలోకమే దీనిని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. ఆ చరిత్ర తెలుసుకోదగినది.

1851లో కైరోలో పనిచేస్తున్న జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్‌హార్జ్ ఒక మృతదేహాన్ని పరీక్షిస్తూ రక్తనాళాలలో నివసించే క్రిమిని కనుగొన్నాడు. మూత్రంలో రక్తం పడే వ్యాధికి ఆ క్రిమియే కారణమని తరువాత తేలింది. ఆయన పేరు మీదుగా ఆ వ్యాధిని బిల్‌హార్జియా అన్నారు. నేటి వైద్యులు షిస్టోసోమియాసిస్ అంటారు. 1910లో రఫర్ అనే శాస్త్రవేత్త సుమారు మూడువేల ఏండ్ల నాటి ఈజిప్టు మమ్మీల మూత్రపిండాలలో ఈ క్రిమి గుడ్లను చూపించాడు. 1915లో లైపర్ దాని మార్గాన్ని వివరించాడు. మంచినీటి నత్తలలో పెరిగిన డింభకాలు, నీటిలో దిగినవారి చర్మాన్ని తొలుచుకొని లోపలికి ప్రవేశిస్తాయి.

ఈ క్రిమి గుడ్లు మూత్రాశయంలోనే ఆగిపోవు. స్త్రీల యోనిలోను, గర్భాశయ ముఖద్వారంలోను చిక్కుకొని పుండ్లు కలిగిస్తాయి. 1899లోనే మ్యాడెన్ అనే వైద్యుడు కైరో నుండి ఇటువంటి రోగిని గూర్చి వ్రాశాడు. అయినను ఆ తరువాత దశాబ్దాల పాటు దీనిని పట్టించుకున్నవారు తక్కువ. నీళ్లు మోసి, బట్టలు ఉతికి వ్యాధి తెచ్చుకున్న స్త్రీలు సుఖవ్యాధి ఉన్నవారిగా అనుమానానికి గురయ్యారు. అవమానం ఒక ప్రక్క, పనిచేయని మందులు మరొక ప్రక్క.

1981లో ఎయిడ్స్ వెలుగులోకి వచ్చింది. ఆఫ్రికాలో అది అంత ఉధృతంగా వ్యాపించడానికి కారణాలు వెదుకుతున్న కాలంలో, 1995లో ఇజ్రాయెల్ పరిశోధకుడు జ్వీ బెంట్‌విచ్, ఆయన సహచరులు ఒక ఆలోచనను ముందుంచారు. క్రిముల వలన రోగనిరోధక వ్యవస్థ నిరంతరం రెచ్చగొట్టబడుతుందని, అది హెచ్‌ఐవికి అనుకూలిస్తుందని వారి వాదం. 2006లో జింబాబ్వే గ్రామీణ స్త్రీలపై వెలువడిన అధ్యయనంలో, జననాంగ షిస్టోసోమియాసిస్ ఉన్నవారిలో హెచ్‌ఐవి ఉండే అవకాశం సుమారు మూడు రెట్లు కనిపించింది.

ఇది ఎట్లు సాధ్యం? గుడ్లు చిక్కుకున్న చోట పొర దెబ్బతిని, తేలికగా రక్తం స్రవిస్తుంది. అక్కడికి సిడి4 కణాలు గుంపుగా చేరుతాయి. హెచ్‌ఐవి దాడి చేసేది సరిగ్గా ఈ కణాలపైనే. తలుపు విరిగిన ఇంటిలో, దొంగ కోరిన సొమ్ము గుమ్మం దగ్గరే పెట్టినట్లన్నమాట.

మనకు మరింత దగ్గరి విషయం మరొకటి ఉన్నది. 2016లో టాంజానియా నుండి వచ్చిన అధ్యయనంలో, బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిమి ఉన్నవారికి క్రొత్తగా హెచ్‌ఐవి సోకడం సుమారు రెండు రెట్లుగా తేలింది. ఆ క్రిమి మన తెలుగునాట కోస్తా జిల్లాల ప్రజలు తరతరాలుగా ఎరిగినదే.

అయితే తొందరపడి నిర్ణయానికి రాకూడదు. తరువాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో షిస్టోసోమియాసిస్‌కు హెచ్‌ఐవితో సంబంధం కనిపించలేదు. హెచ్‌ఐవి ఉన్నవారికి క్రమం తప్పక పురుగుల మందు ఇచ్చి చూసిన కెన్యా పరిశోధనలో, 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, వ్యాధి ముదరడం ఆలస్యం కాలేదు. ఒక విషయం స్పష్టంగా గుర్తుంచుకోండి: పురుగులు గాని, దోమలు గాని హెచ్‌ఐవిని మోసుకొనిరావు. పురుగుల మందు కండోమ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

ఐనను ఈ చరిత్ర నేర్పే పాఠం విలువైనది. షిస్టోసోమియాసిస్‌కు ప్రాజిక్వాంటెల్ అనే చవకైన మాత్ర ఉన్నది. అది క్రిమిని చంపుతుంది. ముదిరిన పుండ్లను మాత్రం సులభంగా మాన్పలేదు. కనుక బాల్యంలోనే వైద్యం జరగాలి. ఆఫ్రికాలో పనిచేసే మన బంధుమిత్రులకు ఈ మాట చెప్పండి: అక్కడి చెరువులలో, నదులలో దిగి ఉంటే వైద్యునికి ఆ సంగతి తెలియజేయాలి. ఇక్కడ బోదకాలు నివారణ మాత్రలు మీ ఇంటికి తెచ్చినపుడు త్రోసిపుచ్చక మ్రింగండి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక స్త్రీకి పుండో రక్తస్రావమో కనిపించినపుడు ఆమె నడతను శంకించకండి. ముందు పరీక్ష చేయించండి.