వరదలో పోయిన పంటను ఉపగ్రహం ఎలా గుర్తిస్తుంది? ఘట్‌కేసర్ ఉదాహరణ

2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో కురిసిన కుండపోత వానను హైదరాబాద్ ఇంకా మరిచిపోలేదు. బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్లు పడితే, ఘట్‌కేసర్ మండలంలో దాదాపు 32 సెంటీమీటర్లు నమోదైంది. నీట మునిగిన బస్తీలు, కాలనీల గురించి అందరికీ తెలిసింది. ఉప్పల్ దాటాక మూసీ వెంట ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ వైపు వరి, ఆకుకూరలు, పాడి గేదెలకు వేసే పారాగడ్డి పండుతాయి. ఇలాంటి చోట వరద వస్తే ఎంత పచ్చదనం పోయిందో ఆకాశం నుంచి లెక్కగట్టవచ్చు. ఆ పద్ధతి ఏమిటో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చూద్దాం.

పచ్చదనానికి ఒక అంకె

పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం చాలావరకు వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి మధ్య తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెనే ఎన్‌డీవీఐ అంటారు. ఇది మైనస్ 1 నుంచి 1 దాకా ఉంటుంది. నీళ్లకు సాధారణంగా సున్నా కంటే తక్కువ, వట్టి మట్టికి 0.1 లేదా 0.2, ఏపుగా ఉన్న పైరుకు 0.6 పైనే వస్తుంది. వరదకు ముందు తీసిన బొమ్మలోని అంకెలోంచి తర్వాతి అంకెను తీసేస్తే ఎక్కడ పచ్చదనం తగ్గిందో తెలుస్తుంది.

ఒక చుక్క అంటే ఒక గుంట

యూరప్ దేశాల సెంటినెల్-2 ఉపగ్రహాలు రెండు కలిసి దాదాపు 5 రోజులకోసారి ఒకే చోటును ఫొటో తీస్తాయి. వాటి బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు ఒక గుంట. ఎకరానికి దాదాపు 40 చుక్కలు వస్తాయి. అమెరికా లాండ్‌శాట్ బొమ్మలో ఒక చుక్క దాదాపు 9 గుంటలు. అందుకే ఐదారు గుంటల గడ్డిమడికి లాండ్‌శాట్ పనికిరాదు. సెంటినెల్‌లో కూడా గట్టు మీద పడే చుక్కల్లో పక్క పొలం కలిసిపోతుంది.

మబ్బు పట్టినప్పుడు రాడార్

వరద వచ్చిన రోజుల్లో ఆకాశమంతా మబ్బే కాబట్టి మామూలు ఫొటో దొరకదు. అప్పుడు రాడార్ ఉపగ్రహాలే దిక్కు. సెంటినెల్-1, మన ఇస్రో 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్-04 ఈ రకానివే. రాడార్ తరంగాలు మబ్బుల్లోంచి దూసుకొస్తాయి. కదలని నీటి మీద పడితే పక్కకు జారిపోతాయి కాబట్టి ముంపు ప్రాంతం నల్లగా కనిపిస్తుంది. కానీ నీళ్లలో పైరు నిలబడి ఉంటే, లేదా చుట్టూ ఇళ్లుంటే తరంగాలు తిరిగొచ్చి అదే చోటు తెల్లగా కనిపించవచ్చు. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇలాంటి డేటాతో వరద మ్యాపులు తయారు చేసి భువన్ పోర్టల్‌లో పెడుతుంది.

ఎక్కడ మోసపోతాం?

మొదటిది కోత. వానాకాలం వరి అక్టోబర్ నాటికి పండుతూ పసుపెక్కుతుంది, తర్వాత కోస్తారు. వరద రాకపోయినా అంకె పడిపోతుంది. అందుకే ముందు, తర్వాత అని రెండు బొమ్మలు చూస్తే చాలదు. అదే ఊళ్లో మునగని పొలాల్లో అంకె ఎంత తగ్గిందో, కిందటి ఏడాది అదే వారంలో ఎలా ఉందో కూడా చూడాలి. వాటికంటే ఎక్కువగా తగ్గినదాన్నే వరద నష్టంగా అనుమానించాలి.

రెండోది గుర్రపుడెక్క. ఉప్పల్ నల్లచెరువు లాంటి నగర చెరువుల్లో ఇది పరుచుకుంటే ఉపగ్రహానికి పచ్చని పంటలాగే కనిపిస్తుంది. వరదకు కొట్టుకుపోతే పెద్ద పంట పోయినట్టు లెక్క వస్తుంది. కాబట్టి చెరువులను ముందే మ్యాపులోంచి తీసేయాలి.

మూడోది తొందర. ఆకుల మీద ఒండ్రు పేరుకుంటే బతికున్న పైరు కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. పారాగడ్డి తడినేలలో పెరిగేదే, మళ్లీ చిగురించవచ్చు. కూరగాయల వేళ్లు మాత్రం కుళ్లిపోతాయి. రెండు మూడు వారాల తర్వాతి బొమ్మ కూడా చూస్తేనే ఏది తేరుకుందో, ఏది పోయిందో తెలుస్తుంది.

రైతుకు దీనితో పనేంటి?

విపత్తు నిధి నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. ఆ గీతకు ఇటా, అటా అన్నదే కుటుంబానికి అసలు ప్రశ్న. ఉపగ్రహం ఒక సర్వే నంబరు మునిగిందని చూపగలదు గానీ దిగుబడి ఎంత శాతం పోయిందో సొంతంగా తేల్చలేదు. పట్టా ఎవరిదో, కౌలుకు తీసుకుని విత్తనం వేసింది ఎవరో అస్సలు చెప్పలేదు.

అందుకని నీళ్లు తీయగానే ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, తేదీ కనిపించేలా పొలం నాలుగు మూలల నుంచి ఫొటోలు తీసుకోవాలి. పది రోజులయ్యాక అవే చోట్ల మళ్లీ తీయాలి. సర్వే నంబరు, వేసిన పంట, విత్తిన తేదీ రాసి వ్యవసాయ విస్తరణ అధికారికి ఇవ్వాలి. కౌలు రైతులు కౌలు కాగితం కూడా జతచేయాలి. సెంటినెల్ బొమ్మలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో చదువుకునే పిల్లలు కాసేపు కూర్చుంటే తమ ఊరి బొమ్మలను తేదీల వారీగా తీసిపెట్టగలరు. నేల మీది ఫొటో, పైనుంచి తీసిన బొమ్మ ఒకే మాట చెబితే ఆ నష్టాన్ని తోసిపుచ్చడం కష్టమవుతుంది.