రాత్రి పరుగు: అమానత్ మోసిన హర్కారాలు



'అంచెలంచెలుగా' అని రోజూ అంటుంటాం. అంచె అంటే ఒకప్పుడు తపాలా చేతులు మారే మజిలీ. ఒకడు పరుగెత్తుకొచ్చి సంచీ అందిస్తే, ఇంకొకడు అందుకుని చీకట్లోకి పరుగు తీసేవాడు. ఆ మనిషికి ఫార్సీలో, ఉర్దూలో పేరు హర్కారా.

14వ శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ హుకూమత్‌లో హిందుస్తాన్‌కి వచ్చిన ఇబ్న్ బతూతా, ఈ డాక్‌ని చూసి హైరాన్ అయ్యాడు. మైలుకి మూడు మజిలీలు. హర్కారా ఒక చేతిలో ఖత్, రెండో చేతిలో గంటలు కట్టిన కర్ర. గంటల చప్పుడు వినగానే ముందు మజిలీ మనిషి లేచి నిలబడేవాడు. సింధ్ నుంచి ఢిల్లీకి 50 రోజుల సఫర్ అయితే, ఖబర్ మాత్రం 5 రోజుల్లో చేరేదని ఆయన రాశాడు.

మన ఇలాఖాకి వద్దాం. గుంటూరు సర్కార్‌కి ముర్తజానగర్ అని కూడా పేరు. 1788లో అది నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి పోయింది. ఆర్కాట్ నవాబు కింద ఉన్న ఒంగోలు 1801లో పోయింది. రాజ్యాలు మారాయి గానీ హర్కారా పరుగు ఆగలేదు. చెన్నపట్నంలో 1786లో పెద్ద తపాలా ఆఫీసు పెట్టిన కంపెనీ కూడా ఈ కాళ్లనే నమ్ముకుంది.

ఒక్కసారి ఆ రాత్రిని ఊహించండి. పుష్యమాసం, అమావాస్య. ఇషా వేళ దాటింది. ఊళ్లన్నీ దుప్పట్లలో ఉన్నాయి. వానొస్తే నల్లరేగడి కాలిని వదలదు, ఎండితే నెర్రెలిచ్చి మడమ విరుస్తుంది. దారికి అడ్డంగా గుండ్లకమ్మ. అడవి దారుల్లో అయితే తోడుగా మషాల్చీ దివిటీ పట్టేవాడు, జంతువులు బెదరడానికి డప్పు మోగించేవాడొకడు. మిగతా చోట్ల తోడు గంటల చప్పుడే.

ఆ సంచీలో ఏముందో అతనికి తెలీదు. ఒకరి నిఖా ఖబరో, ఒకరి మౌత్ ఖబరో, సర్కారు ఫర్మానో. తెలుసుకోవడం అతని పని కాదు, చేర్చడమే పని. అమానత్ అంటే ఇదే కదా! ఖురాన్‌లో అల్లాహ్ అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమని హుకుం ఇచ్చాడు. ఆ హర్కారా ఏ మజ్‌హబ్ వాడైనా, చలిలో కాళ్లతో చేసింది ఆ పనే.

1899లో బెజవాడ, చెన్నపట్నం మధ్య రైలు కలిసింది. పెద్ద దారిలో గంటల చప్పుడు తగ్గి, హర్కారా పల్లెదారులకు మళ్లాడు. నవాబుల మొహర్లున్న ఖత్‌లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిని మోసిన వాళ్ల పేర్లు మాత్రం మన తారీఖులో దాదాపు ఎక్కడా లేవు.

ఇప్పుడు ఫజర్ అజాన్ కాకముందే, మిర్చి చేల పక్క రోడ్ల మీద మన పిల్లలు పరుగెత్తుతుంటారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరీక్ష ఉంది మరి. నెత్తిన మంచు, చేతిలో సెల్‌ఫోన్ వెలుగు. కనబడితే పక్కకి జరిగి దారివ్వండి. వాళ్లకి ఆ హర్కారాల కథ కూడా చెప్పండి. ఈ నేల మీద చీకట్లో పరుగెత్తిన వాళ్లలో వాళ్లు మొదటివాళ్లు కారు.