యాంటీహిస్టమిన్లు: ఆకలితో, కాలేయంతో, కోలిన్‌తో ముడిపడిన చరిత్ర

ఒంట్లో హిస్టమిన్ చేసే పనికి అడ్డుపడే మందులను యాంటీహిస్టమిన్లు అంటారు. పడిశం, తుమ్ములు, దద్దుర్లు, దురద, ప్రయాణంలో వచ్చే వాంతులు, వీటన్నిటికీ వైద్యులు రాసేవి ఇవే. మందుల షాపులో జనం పేరు చెప్పి అడిగి తీసుకునేవీ ఇవే. అవిల్ పేరుతో తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన ఫెనిరమిన్, జలుబు సిరప్పుల్లో కలిపే క్లోర్‌ఫెనిరమిన్, సెట్రిజిన్, లివోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ ఈ కుటుంబంలోవే. వీటిని నెలల తరబడి వాడేవారికి మూడు సందేహాలు వస్తుంటాయి. బరువు పెరుగుతుందా? కాలేయం చెడుతుందా? ఒంట్లో కోలిన్ తగ్గుతుందా? ఈ మందులు ఎలా పుట్టాయో, ఏ రసాయనాలకు బంధువులో తెలిస్తే ఈ మూడింటికీ సమాధానం దొరుకుతుంది.

ఒకే శిలీంధ్రం, రెండు రసాయనాలు

హిస్టమిన్‌ను తొలిసారి 1907లో జర్మనీలో అడాల్ఫ్ విండౌస్, ఫోగ్ట్ ప్రయోగశాలలో తయారుచేశారు. అది ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1910లో లండన్‌లోని వెల్‌కమ్ ప్రయోగశాలలో జార్జ్ బార్జర్, హెన్రీ డేల్ దాన్ని ఎర్గాట్ నుంచి వేరుచేశారు. ఎర్గాట్ అంటే రై ధాన్యపు కంకులకు పట్టే శిలీంధ్రం. మన సజ్జ కంకులకు పట్టే తేనెబంక తెగులు కూడా అదే ప్రజాతికి చెందిన శిలీంధ్రం వల్లే వస్తుంది. డేల్, ఆయన సహపరిశోధకుడు లెయిడ్లా కలిసి హిస్టమిన్‌ను జంతువుల్లోకి ఎక్కించి చూశారు. గినీ పందుల శ్వాసనాళాలు బిగుసుకుపోయాయి. కొన్ని జంతువుల్లో రక్తపోటు పడిపోయింది. శరీరానికి సరిపడని పదార్థం లోపలికి వెళ్లినప్పుడు కనిపించే ప్రాణాంతక స్థితికీ దీనికీ ఉన్న పోలికను వారు గమనించారు.

కొద్ది సంవత్సరాలకే డేల్ వద్ద పనిచేసిన ఆర్థర్ ఎవిన్స్ అదే ఎర్గాట్ సారంలో ఎసిటైల్‌కోలిన్‌ను గుర్తించారు. 1914లో డేల్ దాని ప్రభావాలను వివరించారు. నరాలు అవయవాలకు రసాయనంతో సందేశం పంపుతాయని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగం చాటింది. ఆ రసాయనం ఎసిటైల్‌కోలినేనని తర్వాత తేలింది. 1936లో డేల్, లోవీలకు నోబెల్ బహుమతి కలిపి ఇచ్చారు. హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అలా ఒకే శిలీంధ్రం నుంచి, ఒకే పరిశోధకుని చేతి మీదుగా వైద్యశాస్త్రంలోకి వచ్చాయి.

హిస్టమిన్ శరీరంలోనే సహజంగా ఉంటుందని 1927లో రుజువైంది. తాజా కాలేయం, ఊపిరితిత్తుల నుంచి డేల్ బృందం దాన్ని వేరుచేసింది. ఆ బృందంలో చార్లెస్ బెస్ట్ ఉన్నారు. 1921లో టొరంటోలో బాంటింగ్‌తో కలిసి ఇన్సులిన్‌ను కనుగొన్నది ఈయనే. బెస్ట్ ఆ తర్వాత కెనడాకు తిరిగివెళ్లి కాలేయానికి, కోలిన్‌కు ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు.

పాశ్చర్ సంస్థ నుంచి మందుల షాపుకు

1930లలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డానియెల్ బోవే ఒక లోటును గమనించారు. ఎసిటైల్‌కోలిన్‌కు అట్రోపిన్ అడ్డుపడుతుంది. ఎడ్రినలిన్‌ను అడ్డుకునే పదార్థాలూ ఉన్నాయి. హిస్టమిన్‌ను ఆపేది మాత్రం లేదు. ఎర్నెస్ట్ ఫూర్నో ప్రయోగశాలలో వేరే పనుల కోసం తయారైన రసాయనాలను బోవే, ఆన్-మరీ స్టౌబ్ ఒక్కొక్కటిగా గినీ పందులపై పరీక్షించారు. 1937లో 929ఎఫ్ అనే పదార్థం ప్రాణం తీసే మోతాదు హిస్టమిన్ నుంచి కూడా ఆ జంతువులను కాపాడింది. మనుషులకు ఇవ్వలేనంత విషం కావడంతో అది మందు కాలేకపోయింది. అయినా దారి తెరుచుకుంది. బోవేకు 1957లో నోబెల్ వచ్చింది.

1942లో ఫ్రాన్స్‌లో యాంటర్గాన్ మనుషులకు వాడుకలోకి వచ్చింది. 1944లో మెపిరమిన్ దాని వెంటే వచ్చింది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో కండరాల బిగింపును సడలించే పదార్థాల కోసం వెతుకుతున్న జార్జ్ రీవ్‌షెల్ 1943లో డైఫెన్‌హైడ్రమిన్‌ను తయారుచేశారు. అది 1946లో బెనడ్రిల్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో ప్రొమెథజిన్ కూడా ఆ దశకంలోదే. క్లోర్‌ఫెనిరమిన్ 1940ల చివర వచ్చింది.

ఈ తొలి తరం మందుల పుట్టుకలోనే రెండు లక్షణాలు కలిసివచ్చాయి. మొదటిది, ఇవి కొవ్వులో తేలిగ్గా కరిగేవి కాబట్టి మెదడులోకి చొరబడతాయి. మగత అందుకే వస్తుంది. రెండోది, వీటి నిర్మాణం ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడే పదార్థాల నిర్మాణానికి దగ్గరగా ఉంటుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం సరిగా రాకపోవడం ఆ బంధుత్వం వల్లే. హిస్టమిన్‌కు ఒకటికి మించిన గ్రాహకాలు, అంటే కణాలపై అది వచ్చి పట్టుకునే చోట్లు, ఉన్నాయని 1966లో యాష్, షిల్డ్ అనే పరిశోధకులు చూపారు. అలర్జీలో పనిచేసేదానికి హెచ్1 అని పేరు స్థిరపడింది.

బరువు కథ

సైప్రోహెప్టాడిన్ 1960ల ఆరంభంలో అలర్జీ మందుగానే వచ్చింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇచ్చినప్పుడు వారు ఎక్కువ తినడం, బరువు పెరగడం వైద్యుల కంటపడింది. 1962లో అమెరికన్ వైద్య సంఘం పత్రిక జామాలో ఆ పరిశీలన అచ్చయింది. ఆ దుష్ప్రభావమే క్రమంగా ఆ మందుకు రెండో ఉపయోగంగా మారింది. ఆకలి లేని పిల్లలకు, దీర్ఘ వ్యాధులతో చిక్కిపోయినవారికి వైద్యులు దీన్ని నేటికీ రాస్తున్నారు. ఇది హిస్టమిన్‌తోపాటు ఆకలిని అదుపులో పెట్టే సెరటోనిన్‌కూ అడ్డుపడుతుంది. మిగతా యాంటీహిస్టమిన్ల కంటే దీని ప్రభావం బలంగా ఉండటానికి అదొక కారణం.

ఆకలి పెరగడానికి కారణం మెదడులో ఉందని తర్వాతి దశాబ్దాలు తేల్చాయి. 1984లో మెదడులోని హైపోథాలమస్ అనే భాగం వెనుక వైపున హిస్టమిన్‌ను విడుదల చేసే నాడీకణాల గుంపు ఉందని స్పష్టమైంది. మెలకువను నిలబెట్టడం, కడుపు నిండిందన్న సూచన ఇవ్వడం ఆ కణాల పనుల్లో భాగం. ఎలుకల హైపోథాలమస్‌లో హెచ్1 గ్రాహకాన్ని మూసేస్తే అవి ఎక్కువ తింటాయి. పుట్టుకతోనే ఆ గ్రాహకం లేని చిట్టెలుకలకు వయసు పెరిగేకొద్దీ కొవ్వు పడుతుంది.

మానసిక వ్యాధుల మందులు ఇదే పాఠాన్ని మరో వైపు నుంచి చెప్పాయి. ప్రొమెథజిన్ వంశం నుంచే 1950లో క్లోర్‌ప్రొమజిన్ పుట్టింది. ఆ తర్వాత వచ్చిన క్లోజపిన్, ఒలంజపిన్ వాడినవారిలో బరువు బాగా పెరిగింది. ఏ మందు హెచ్1 గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో దాన్నిబట్టి బరువు పెరుగుదలను అంచనా వేయవచ్చని 2003లో ఒక అధ్యయనం చూపింది.

సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి రెండో తరం మందుల సంగతి వేరు. ఇవి మెదడులోకి చాలా తక్కువగా వెళతాయి. అయినా, 2005-06లో అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్నవారి వివరాలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వైద్యుడు రాసిన హెచ్1 మందులు వాడేవారి బరువు, నడుము కొలత, రక్తంలో ఇన్సులిన్ వాడనివారి కంటే ఎక్కువగా కనిపించాయి. అది ఒక్కసారి తీసుకున్న కొలత. మందు వల్ల బరువు పెరిగిందో, బరువు ఎక్కువ ఉన్నవారికే అలర్జీలు ఎక్కువై మందు అవసరమైందో దాన్నిబట్టి తేలదు. పది రోజులు మాత్ర వేసుకునేవారికి ఇది దిగులుపడే విషయం కాదు. ఏళ్ల తరబడి రోజూ వాడేవారు మాత్రం అప్పుడప్పుడు బరువు చూసుకోవడం మంచిది.

ఆకలి పెంచే గుణం దుర్వినియోగానికీ దారితీసింది. బక్కగా ఉన్నవారు ఒళ్లు చేయడానికి సైప్రోహెప్టాడిన్ సిరప్పులను వైద్యుడి సలహా లేకుండా తాగడం అనేక దేశాల్లో ఉంది. భారతదేశంలో తయారైన అలాంటి సిరప్ ఒకటి అనుమతి లేకుండా అమెరికాలో అమ్ముడవుతోందని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ప్రజలను హెచ్చరించింది.

కాలేయం చేసే పని

మింగిన మాత్ర పేగుల నుంచి ముందుగా కాలేయానికే చేరుతుంది. తొలి తరం యాంటీహిస్టమిన్లను ఎక్కువగా విడగొట్టేది కాలేయంలోని ఎంజైములే. ఆ పనికి ఆటంకం కలిగితే ఏమవుతుందో టెర్ఫెనడిన్ చరిత్ర చెబుతుంది. మగత కలిగించని అలర్జీ మందుగా అది 1985లో అమెరికాలో అనుమతి పొందింది. మామూలుగా కాలేయంలోని సీవైపీ3ఎ4 అనే ఎంజైము టెర్ఫెనడిన్‌ను దాదాపు పూర్తిగా ఫెక్సోఫెనడిన్‌గా మార్చేస్తుంది. అలర్జీని తగ్గించేది ఈ రెండో పదార్థమే. మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుంటే గుండె లయను దెబ్బతీస్తుంది.

1990లో జామా పత్రికలో ఒక రోగి వివరాలు వచ్చాయి. 39 ఏళ్ల మహిళ టెర్ఫెనడిన్‌తోపాటు బూజు వ్యాధులకు వాడే కీటొకొనజోల్ కూడా తీసుకున్నారు. కీటొకొనజోల్ ఆ ఎంజైమును అడ్డుకుంది. ఆమె గుండె ప్రమాదకరంగా లయ తప్పింది. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌తోనూ ఇదే చిక్కు వస్తుందని, కాలేయ జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువని తర్వాత తేలింది. సురక్షితమైన ఫెక్సోఫెనడిన్ 1996లో నేరుగా మందుగా వచ్చింది. 1998లో టెర్ఫెనడిన్‌ను అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు.

యాంటీహిస్టమిన్లు కాలేయాన్ని నేరుగా గాయపరచడం అరుదు. సైప్రోహెప్టాడిన్, సెట్రిజిన్ వాడిన కొద్దిమందిలో కామెర్లు కనిపించిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మందు ఆపితే చాలావరకు కోలుకుంటారు. సెట్రిజిన్‌లో అధిక భాగం మూత్రపిండాల ద్వారా, ఫెక్సోఫెనడిన్‌లో అధిక భాగం మలంతో మారకుండానే బయటికి పోతాయి. కాలేయంపై వీటి భారం తక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం సెట్రిజిన్ మోతాదు తగ్గించాలి.

కాలేయంలో కొవ్వు చేరడం వేరే విషయం. కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టిన చిట్టెలుకలకు హెచ్1 మందులు ఇస్తే కాలేయంలో కొవ్వు మరింత పేరుకుందని 2014లో ఒక ప్రయోగం చూపింది. మనుషుల్లో ఇది రుజువు కాలేదు. మందు వల్ల బరువు పెరిగితే ఆ బరువే ఫ్యాటీ లివర్‌కు దారితీయవచ్చు.

కోలిన్ గురించిన అపోహ

కోలిన్‌ను 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ స్ట్రెకర్ పిత్తరసం నుంచి వేరుచేశారు. అది శరీరానికి ఎందుకు కావాలో తెలియడానికి ఇన్సులిన్ రావలసివచ్చింది. క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బతికించినప్పుడు వాటి కాలేయం కొవ్వుతో నిండిపోయేది. లెసిథిన్ అనే కొవ్వు పదార్థం పెడితే ఆ కొవ్వు తగ్గింది. లెసిథిన్‌లో మేలు చేస్తున్నది కోలినేనని 1932లో చార్లెస్ బెస్ట్ బృందం తేల్చింది.

కాలేయం తనలో చేరిన కొవ్వును చిన్న చిన్న రేణువులుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. ఆ రేణువు పైపొరకు కోలిన్‌తో తయారయ్యే ఫాస్ఫటైడిల్‌కోలిన్ కావాలి. అది చాలనప్పుడు, గోనె సంచులు అందక ధాన్యం కల్లంలోనే ఉండిపోయినట్టు, కొవ్వు కాలేయంలోనే మిగిలిపోతుంది. 1991లో ఆరోగ్యవంతులైన మగవారికి కోలిన్ లేని ఆహారం పెట్టి చూడగా కొన్ని వారాల్లోనే కాలేయ పరీక్షల్లో దెబ్బ కనిపించింది. 1998లో అమెరికా దీన్ని ఆవశ్యక పోషకంగా గుర్తించింది. రోజుకు మగవారికి 550 మిల్లీగ్రాములు, ఆడవారికి 425 మిల్లీగ్రాములు చాలినంత అని పేర్కొంది. ఒక పెద్ద కోడిగుడ్డులో దాదాపు 150 మిల్లీగ్రాములు ఉంటుంది. అది దాదాపు అంతా పచ్చసొనలోనే. మాంసం, చేపలు, సోయా చిక్కుళ్లు కూడా మంచి వనరులే.

కోలిన్ నుంచే నరాలు ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసుకుంటాయి. అపోహ ఇక్కడే పుడుతుంది. డైఫెన్‌హైడ్రమిన్ వంటి తొలి తరం మందులు ఎసిటైల్‌కోలిన్ వచ్చి వాలే గ్రాహకాన్ని మూసేస్తాయి. సందేశం పుడుతుంది, చేరదు. అంతమాత్రాన రక్తంలో కోలిన్ తరిగిపోయినట్టు కాదు. కోలిన్ మాత్రలు మింగితే నోరు ఎండిపోవడం, మలబద్ధకం పోతాయని ఆశించడానికి ఆధారం లేదు. మందు మార్చడమే వాటికి పరిష్కారం.

ఎసిటైల్‌కోలిన్‌కు పడే ఈ అడ్డు వృద్ధులకు ఎక్కువ చేటు చేస్తుంది. తికమక, తూలిపడటం, మూత్రం బిగుసుకోవడం వారిలో తేలిగ్గా వస్తాయి. వృద్ధులకు తగని మందుల జాబితాగా 1991లో మార్క్ బీర్స్ రూపొందించిన ప్రమాణాలు తర్వాతి సవరణల్లో తొలి తరం యాంటీహిస్టమిన్లను మానుకోమంటున్నాయి. సియాటిల్ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని గమనించిన అధ్యయనం 2015లో వెలువడింది. ఎసిటైల్‌కోలిన్‌కు గట్టిగా అడ్డుపడే మందులను ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో మతిమరుపు వ్యాధి ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆ మందుల్లో తొలి తరం యాంటీహిస్టమిన్లు ఉన్నాయి.

నేటి వాడుక

ఎప్పటికీ తగ్గని దద్దుర్లకు, ఏడాది పొడవునా ఉండే తుమ్ములకు నేడు వైద్యులు ముందుగా రాసేది రెండో తరం మందులనే. పిల్లల జలుబు సిరప్పుల విషయంలో భారత ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే ముద్రించాలని చెప్పింది. బరువు అదుపు తప్పినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పెద్దవారు తికమకపడినా వాడుతున్న మందుల పేర్లన్నీ వైద్యుడికి చెప్పాలి. జలుబుకు, దగ్గుకు, నిద్రకు వేర్వేరు పేర్లతో కొన్న మూడింటిలోనూ ఇదే కుటుంబపు మందు ఉండే అవకాశం ఉంది కాబట్టి, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా ఆ జాబితాలో ఉండాలి.