రంగం నుంచి రాజీ కొండకి



మన పిల్లలు ఇప్పుడు జిమ్ముల్లో గోడలెక్కుతున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో అది పతకాల ఆట కూడా అయింది. అక్కడ నడుముకి తాడు, కింద పరుపు ఉంటాయి. పరుపు లేనిచోట ఎక్కినవాళ్ళ కథ ఒకటి ఇవాళ చెప్పుకుందాం. ఇది బర్మా కథ. మన పెద్దవాళ్ళు స్టీమరెక్కి వెళ్ళిన ‘రంగం’, అంటే నేటి యాంగోన్, ఆ దేశంలోనిదే.

యాంగోన్ పల్లపు నేల. అక్కడ తలెత్తి చూస్తే కనిపించేది ష్వేడగాన్ పగోడా. కానీ దేశానికి ఉత్తరపు కొసన, కచిన్ రాష్ట్రంలో, ఖకాబో రాజీ అనే మంచుకొండ ఉంది. ఎత్తు 5,881 మీటర్లని లెక్క. ఎవరెస్ట్ కంటే చాలా తక్కువే. అయినా పుటావో ఊరు దాటాక వారాల తరబడి అడవిలో, వానలో, జలగల మధ్య నడవాలి. 1937లో కింగ్డన్ వార్డ్ అనే ఆంగ్లేయుడు ప్రయత్నించి వెనుదిరిగాడు. ఆ తర్వాత 1993 దాకా ఆ ప్రాంతంలోకి విదేశీయుల్ని రానివ్వలేదు.

అప్పుడొచ్చాడు జపాన్ వాడు తకాషి ఒజాకి. 1980లో ఎవరెస్ట్ ఉత్తర ముఖాన్ని కిందినుంచి పైదాకా మొదట ఎక్కిన ఇద్దరిలో ఒకడు. అంతటివాడు కూడా 1995లో ఈ కొండ దగ్గర ఓడిపోయి వెళ్ళాడు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి, 1996 సెప్టెంబరు 15న శిఖరం చేరాడు. తోడుగా ఎక్కినవాడు బర్మా మనిషి న్యిమా గ్యాల్త్సెన్. చాలామంది మొదటి పేరే చెప్పి ఊరుకుంటారు. మనం రెండూ గుర్తుపెట్టుకుందాం.

తమ కొండ మీద తమ జట్టే జెండా పాతాలని బర్మా యువకులకి కోరిక. 2014లో వాళ్ళ జట్టు యాంగోన్ నుంచి బయల్దేరింది. ఆగస్టు 31న ఆంగ్ మ్యింట్ మ్యత్, వై యన్ మిన్ థూ శిఖరం చేరామని కబురు పంపారు. అదే ఆఖరి కబురు. వెతకబోయిన హెలికాప్టరొకటి కూలి, ఒక పైలట్ ప్రాణం కూడా పోయింది.

ఆ ఏడు మే 25నే మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళైనా నిండకుండా, ఎవరెస్ట్ ఎక్కి క్షేమంగా దిగింది. ఆమెకి తొలిపాఠం భువనగిరి బండ. బర్మా వాళ్ళూ ఆగలేదు. 2016లో ప్యే ఫ్యో ఆంగ్, విన్ కో కో ఎవరెస్ట్ ఎక్కారు.

ఒజాకి మాత్రం 2011లో ఎవరెస్ట్ మీదే కన్నుమూశాడు. ఒకసారి వెనుదిరగడం తెలిసినవాడికి కూడా ప్రతిసారీ అది సాధ్యం కాలేదు.

పిల్లలు గోడ దిగి రాగానే ‘ఎంత ఎత్తు ఎక్కావు?’ అని అడుగుతాం. ‘ఎక్కడ ఆగి దిగాలనిపించింది?’ అని కూడా అడుగుదాం. 1995లో ఆగి దిగాడు కాబట్టే ఒజాకికి 1996 దక్కింది.