పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు



నాటకం చూసి ఇంటికొచ్చాక మనం ఎవర్ని గురించి చెప్పుకుంటాం? కథానాయికను గురించి, ఆమె కట్టిన చీర గురించి, పాడిన పద్యాల గురించి. మధ్యలో అయిదు నిమిషాలు వచ్చి హాలంతా నవ్వించి వెళ్ళిపోయిన ఆవిడ పేరేమిటంటే మాత్రం ఎవరమూ చెప్పలేం. అందుకే ఈవేళ మన తెలుగు నాటకాల్లోని ఆడవాళ్ళ హాస్య పాత్రల గురించి నాలుగు మాటలు చెబుతాను.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. ఈనాడు మనం చదువుకునేది 1909లో వచ్చిన రెండో కూర్పు. అందులో పూటకూళ్ళమ్మ అని ఒక వితంతువుంది. పూటకింత అని డబ్బు పుచ్చుకుని భోజనం పెట్టడం ఆమె జీవనాధారం. సంతలో సామాను కొనితెస్తానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకెళ్ళి మధురవాణికి ఖర్చు పెట్టేస్తాడు. పూటకూళ్ళమ్మ చీపురు పుచ్చుకుని మధురవాణి ఇంటికే వస్తుంది. గిరీశానికి పడవలసిన దెబ్బ, మంచం కింద దాక్కున్న రామప్పపంతులుకి తగులుతుంది! జనం పగలబడి నవ్వుతారు.

నవ్వండి, తప్పులేదు. కాని గృహిణులం కదా, ఒక్కసారి లెక్క చూడండి. అదే నాటకంలో చిన్నపిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందల రూపాయలకి ఇవ్వడానికి మగవాళ్ళు బేరం కుదుర్చుకుంటారు. ఆ సొమ్ము ముందు ఈ ఇరవై రూపాయలు ఏపాటివి? అయినా అవి ఆవిడ పొయ్యి దగ్గర పొగలో కూర్చుని సంపాదించినవి. ఆ సంగతి మనసులో పెట్టుకుని నటిస్తే నవ్వుతోపాటు గుండె కలుక్కుమంటుంది. చీపురు ఒక్కటే గుర్తుంటే మిగిలేది ఒట్టి గయ్యాళి.

ఆ రోజుల్లో ఇలాంటి ఆడవేషాలు చాలాచోట్ల మగవాళ్ళే వేసేవారు. సత్యభామ వేషంలో స్థానం నరసింహారావుగారికి వచ్చిన పేరు మీకు తెలిసిందే. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి నాటక సమాజం దారి మాత్రం వేరు. అక్కడ కుటుంబమే సమాజం. అందుకని ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం ఆనవాయితీ అయింది. మన మొదటి టాకీ, 1932 నాటి భక్తప్రహ్లాదలో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల మనిషే. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఊహ తెలిసీ తెలియకముందే బాలకృష్ణుడో, ప్రహ్లాదుడో అవుతుంది. వయసొచ్చాక నాయిక, ఆపైన తల్లి, ముసలమ్మ. నాయిక వేషం కొన్నాళ్ళ ముచ్చటే. నవ్వించే వేషం తల నెరిసినా అన్నం పెడుతుంది.

ఆ అన్నం ఏమంత తేలిగ్గా రాదు. కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి చూడండి. వేశ్యాలోలత్వం కొంపలు కూలుస్తుందని చెప్పడానికి రాసిన నాటకం అది. చింతామణి తల్లి శ్రీహరి డబ్బాశ మనిషి, నవ్వించే పాత్ర. అయితే పోనుపోను సుబ్బిశెట్టి ఘట్టాల్లో, గ్రంథంలో లేని మోటు మాటలు పెరిగాయి. ఎదుటి నటుడు రాయని మాట అంటే, ఈవిడ రాయని జవాబు చెప్పాలి. చెప్పకపోతే రక్తి కట్టలేదంటారు. చెబితే ఆవిడ నోరు మంచిది కాదంటారు! ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. వాదనలన్నీ సుబ్బిశెట్టి చుట్టూనే తిరిగాయి. ఆ మాటలకు ఎదురుగా నిలబడి, రాత్రంతా నవ్వించి, పొద్దున్నే మూటముల్లె సర్దుకుని మరో ఊరు పోయిన ఆడవాళ్ళ సంగతి ఎవరడిగారు చెప్పండి?

1962లో గుండమ్మకథ వచ్చాక సూర్యకాంతంగారి పేరు ఇంటింటా మోగింది. వెండితెర పుణ్యమా అని గయ్యాళి పాత్రకు ఒక పేరూ, ఒక ముఖమూ దక్కాయి. రంగస్థలం మీది అక్కచెల్లెళ్ళకు ఆ అదృష్టం లేదు. నాటకం తెల్లవారితో సరి, వాళ్ళ నవ్వూ దానితోనే పోయింది.

అందుకని ఒక్క మాట. ఈసారి మీ ఊళ్ళో నాటకం వేస్తే తప్పక వెళ్ళండి. చీపురు పట్టుకునో, డబ్బు లెక్కపెట్టుకుంటూనో మిమ్మల్ని నవ్వించిన ఆవిడ పేరేమిటో అడిగి తెలుసుకుని మరీ రండి. ఇంటికొచ్చి పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి.